గుంజకు వేలాడే లైటరు

తిరుపతి బస్టాండు చుట్టుపక్కల టీ బంకులు, పెట్టె అంగళ్లు నడుపుకుంటున్న అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు,

నమస్కారం.

మీలో సగంమందికి నేను తెలుసు. పేరు తెలియకపోయినా 'చక్కెర తక్కువ కండక్టరు సారు' అంటే గుర్తుపడతారు. 1983లో ఆర్టీసీలో చేరి ముప్ఫై ఏళ్లకు పైగా టికెట్లు కొట్టాను. రిటైరై పదేళ్లు దాటింది. పొద్దున ఐదున్నరకు మీలో ఎవరో ఒకరి బంకు దగ్గర నిలబడకపోతే నాకు ఆ రోజు తెల్లారినట్టే ఉండదు. నోటీసులు రాసే హోదా నాకు ఉద్యోగంలో ఉన్నప్పుడే లేదు, ఇప్పుడసలే లేదు. మీ దగ్గర అరువు పెట్టి టీ తాగే మనిషిగా ఈ జాబు రాస్తున్నాను.

అడిగేది చిన్న సంగతి. మీ బంకు గుంజకు నైలాను తాడుతో కట్టి వేలాడదీసిన లైటరుంది చూడండి, దాన్ని తీసేయమని.

మొన్న ఒకరోజు చూసింది చెబుతా. కొండమీద నుంచి బస్సు దిగిందొక కుటుంబం. ఆయనకు నలభై ఏళ్లుంటాయి. నున్నటి గుండు, దానిమీద ఇంకా పూర్తిగా ఆరని చందనం, మణికట్టుకు తగిలించుకున్న లడ్డూల కవరు. పక్కన భార్య, ఇద్దరు పిల్లలు. పిల్లలవీ గుండ్లే. భార్య ఇంకా టీ ఎన్నో లెక్క చెబుతుండగానే ఆయన చెయ్యి సిగరెట్ల డబ్బా వైపు పోయింది. విడిగా ఒకటి తీసుకున్నాడు, తాడు లాగి లైటరు అందుకున్నాడు, ముట్టించాడు. మొదటి దమ్ము లాగేటప్పుడు కళ్లు గట్టిగా మూసుకున్నాడు. స్వామి ముందు కూడా అంతసేపు మూసుకొని ఉండడు, అక్కడ జరగండి జరగండని తోసేస్తారు కదా. వదిలిన పొగ పాలగిన్నె మీదుగా పోయి వెనకాల గ్లాసులు కడుగుతున్న పిల్లోడి ముఖాన కొట్టింది. వాడు తల కూడా తిప్పలేదు. చిన్నపాప మాత్రం ముక్కు మూసుకొని వాళ్లమ్మ చీర చాటుకు పోయింది.

ఇందులో నన్ను తొలిచింది సిగరెట్టు కాదు, ఆయన దిగొచ్చిన చోటు. అలిపిరి దగ్గర తనిఖీలో బీడీ కట్ట, సిగరెట్టు ప్యాకెట్టు, గుట్కా ఏది దొరికినా తీసేసుకుంటారని మీకు నేను చెప్పాల్సిన పనిలేదు. అంటే ఆ మనిషి క్యూలో, గదిలో, కల్యాణకట్టలో కలిపి తక్కువలో తక్కువ ఒక పగలూ రాత్రీ ముట్టకుండా ఉన్నాడు. సిగరెట్టు మానేసిన పన్నెండు గంటలకే రక్తంలో పేరుకున్న కార్బన్ మోనాక్సైడ్ తగ్గి మామూలు స్థాయికి వస్తుందని డాక్టర్లు చెబుతారు. మానినవాడిని నికోటిన్ గట్టిగా పీకేది మొదటి రెండు మూడు రోజులు. కొండ దిగిన మనిషి సరిగ్గా ఆ మధ్యలో ఉన్నాడు. సగం వాగు దాటేసినవాడు. అట్లాంటివాడికి బస్సు దిగిన ఇరవై అడుగుల్లోనే, అడగకుండానే, ముఖం ఎత్తులో నిప్పు వేలాడుతూ కనబడుతుంది. లైటరు లేకపోతే ఆయన మానేసేవాడని నేను ఒట్టేసి చెప్పను. అగ్గిపెట్టె ఎక్కడో ఒకచోట సంపాదించేవాడేమో. కానీ వందమందిలో నలుగురు 'పోనీలే, ఇంటికి పోయినాక చూద్దాం' అనుకొని బస్సెక్కేవాళ్లు.

నీతులు చెబుతున్నాడనుకోకండి. నేనూ తాగినవాడినే. ఉద్యోగంలో చేరిన ఏడాదికే బీడీ అలవాటైంది. నైట్ హాల్టుల్లో నిద్ర రాకుండా అని మొదలుపెట్టి, తర్వాత నిద్ర పట్టడానికి కూడా అదే కావాల్సి వచ్చింది. రోజుకు కట్టన్నర. బీడీ చిన్నది కదా, లోపల పొగాకు ఎంతుంటుందిలే అనుకునేవాణ్ని. తునికాకు గాలి ఆడనివ్వదు కాబట్టి బీడీ ఆరిపోకుండా ఉండాలంటే సిగరెట్టు కంటే ఎక్కువసార్లు గట్టిగా లాగాలి. ఫిల్టరు ఊసే లేదు. ఒక్కో బీడీతో లోపలికి పోయే తారు సిగరెట్టుతో పోయేదానికంటే తక్కువేం కాదు. ఈ సంగతి నాకు మానేసినాక తెలిసింది.

మా పెద్దోడికి ఏడాది నిండకముందే పిల్లికూతలు మొదలైనాయి. రాత్రిళ్లు డొక్కలు ఎగరేసేవాడు. మేం అప్పుడు ఒకే గది ఇంట్లో ఉండేవాళ్లం. వంట, పడక, బీడీ అన్నీ అందులోనే. పిల్లోణ్ని ఎత్తుకొని సర్కారు ఆసుపత్రికి పోతే అక్కడ ఒక డాక్టరమ్మ స్టెతస్కోపు పెట్టకముందే నా వైపు చూసి "ఇంట్లో ఎవరు తాగేది?" అనింది. "నేను బయటే తాగుతానమ్మా" అన్నాను. అది సగం అబద్ధం. ఆమె ఏమీ అనలేదు. నా చొక్కా కొంగు కొంచెం లాగి "వాసన చూసుకో" అనింది. అంతే. నా యూనిఫాం మీద అశోకుడి సింహాలు లేవు గానీ, దొంగతనంలో పట్టుబడిన పోలీసులాగా నిలబడ్డాను.

అయినా ఆ రోజు మానలేదు. మనిషి అంత తొందరగా మారతాడా? నన్ను మార్చింది ఒక బస్సు.

తొంభైల్లో ఒక డిసెంబరు. మదనపల్లె నుంచి తిరుపతికి ఆఖరి సర్వీసు. తుంపర, చలి, అన్ని కిటికీలకూ షట్టర్లు దించేసుకున్నారు. పీలేరులో పచ్చి బాలింత ఒకామె, వాళ్లమ్మ ఎక్కారు. ఒళ్లో గుడ్డల మూటంత బిడ్డ. వెనక సీట్లో నలుగురు వంతులేసుకొని బీడీలు కాలుస్తున్నారు. నా జేబులోనూ కట్ట ఉంది. భాకరాపేట ఘాట్ ఎక్కేసరికి బస్సు లోపల బల్బు చుట్టూ పొగ దారాల్లాగా తిరుగుతోంది. ఆ బాలింత లేచి నిలబడి "కండక్టరన్నా, బస్సు ఆపించు, దిగిపోతాం" అనింది. "ఈ అడవిలో, ఈ చీకట్లో యాడికి దిగుతావమ్మా?" అన్నాను. ఆమె నా తలమీదికి వేలు చూపించింది. "అక్కడ రాసుండేది చదివినావా ఎప్పుడైనా?"

నా తలమీద రాసుంది 'పొగ త్రాగరాదు'. మా బస్సులన్నిట్లో ఉంటుంది, మీకు తెలుసు. పదేళ్లుగా రోజూ దానికింద నిలబడి టికెట్లు కొట్టాను, ఒక్కరోజు చదవలేదు.

విజిలేసి బస్సాపించాను. వెనక్కి పోయి, ఆర్పుతారా దిగుతారా అన్నాను. ఒకడు "నువ్వు తాగవా ఏం సామీ?" అన్నాడు. వాడు నన్ను ఎరిగినవాడే. జేబులో కట్ట తీసి షట్టరెత్తి బయట పడేశాను. కొంచెం సినిమా పనే, ఒప్పుకుంటా. కానీ బస్సులో అప్పటిదాకా కళ్లు మూసుకొని నిద్ర నటిస్తున్న ముప్ఫైమంది ఒక్కసారిగా నోళ్లు తెరిచారు. "ఆర్పండబ్బా", "పసిబిడ్డ ఉంది కానరాలేదా" అని ఒకటే గోల. నలుగురూ ఆర్పేశారు. అంతమందికి పొగ ఇబ్బందిగానే ఉండిందని, ఎవరో ఒకరు మొదలుపెడితే చాలని చూస్తున్నారని నాకు అప్పుడు అర్థమైంది. మొదలుపెట్టాల్సింది ఎవరో కూడా అర్థమైంది. విజిలు ఎవడి దగ్గర ఉందో వాడు.

ఇప్పుడు ఆర్టీసీ బస్సులో ఎవరైనా బీడీ ముట్టించడం చూశారా? మీ పిల్లలకు చెబితే నమ్మను కూడా నమ్మరు. 2001 నవంబరు 2న కాంగ్రెస్ నాయకుడు మురళీ దేవరా వేసిన కేసులో సుప్రీంకోర్టు బస్సులు, రైళ్లు, ఆసుపత్రులు, బడులు, కోర్టుల్లాంటి చోట్ల పొగ తాగడం నిషేధించమని చెప్పింది. 2003లో పొగాకు మీద చట్టం వచ్చింది. 2008 అక్టోబరు 2 నుంచి కొత్త నియమాలు అమల్లోకి వచ్చాయి. ఇవన్నీ ముఖ్యమే, కాదనను. కానీ కోర్టు ఢిల్లీలో ఉంది, బస్సు ఘాట్‌లో ఉంది. నడిమధ్యన కండక్టరు ఉన్నాడు.

మీ బంకుకు మీరే కండక్టరు. ఇదే నేను చెప్పదలచుకున్నది. మిగిలింది మీకు పనికొచ్చే వివరాలు, ఓపిక ఉంటే చదవండి.

మొదట మీ సంగతి. మీలో చాలామంది తాగరు, నాకు తెలుసు. కానీ ఈ వీధిలో అందరికంటే ఎక్కువ పొగ పీల్చేది మీరే. గిరాకీ వచ్చినవాడు ఒక సిగరెట్టు తాగి పోతాడు. మీరు తెల్లారి నాలుగు నుంచి రాత్రి పది దాకా ప్రతివాడి సిగరెట్టులో వాటా తీసుకుంటారు. పైగా తాగేవాడు లోపలికి లాగే పొగ వేరు, దమ్ముకూ దమ్ముకూ మధ్య వేళ్ల సందున కాలుతూ ఉంటుందే ఆ కొన నుంచి లేచే పొగ వేరు. లాగేటప్పుడు నిప్పు భగ్గున మండుతుంది. ఊరికే ఉన్నప్పుడు తక్కువ వేడిలో రాజుకుంటుంది, సరిగ్గా మండదు. తడి కట్టె పొయ్యిలో పెడితే పొగ ఎట్లా ఘాటుగా వస్తుందో మీకు నేను చెప్పాలా? అదే లెక్క. పక్కవాళ్లు పీల్చేదాంట్లో ఎక్కువభాగం ఆ కొన పొగే, ఫిల్టరులో నుంచి రానిదే. పొగాకు పొగలో ఏడువేలకు పైగా రసాయనాలు ఉన్నాయని, వాటిలో డెబ్బై దాకా క్యాన్సర్ తెచ్చేవని తేల్చారు. బెంజీను, ఫార్మాల్డిహైడ్ లాంటివి. పేర్లు నోరు తిరగకపోయినా ఊపిరితిత్తులకు తేడా ఏం లేదు.

తాగనివాడికి తాగేవాడి రోగాలు వస్తాయని మొదట గట్టిగా చూపించింది జపాన్‌వాళ్లు. తకేషి హిరయామా అనే ఆయన తొంభై వేలకు పైగా తాగని ఇల్లాళ్లను 14 ఏళ్లపాటు గమనించి 1981లో లెక్క బయటపెట్టాడు. మొగుడు ఎంత ఎక్కువ తాగితే భార్యకు ఊపిరితిత్తుల క్యాన్సర్ అంత ఎక్కువ. సిగరెట్టు కంపెనీల తరఫువాళ్లు ఆ లెక్కను తప్పని నిరూపించడానికి చాలా కష్టపడ్డారు. అది నిలబడింది. 2006లో అమెరికా ప్రభుత్వ ప్రధాన వైద్యాధికారి ఇచ్చిన నివేదిక ప్రకారం పక్కవాళ్ల పొగ పీల్చే తాగనివాళ్లకు గుండెజబ్బు ముప్పు 25 నుంచి 30 శాతం, ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు 20 నుంచి 30 శాతం పెరుగుతుంది. 'ఇంత పీలిస్తే పర్వాలేదు' అనే హద్దు ఏదీ లేదని కూడా అందులోనే రాశారు.

మన దేశం సంగతి అడిగితే, కేంద్ర ఆరోగ్యశాఖ 2016-17లో చేయించిన సర్వేలో పెద్దవాళ్లలో సిగరెట్టో బీడీయో చుట్టో తాగేవాళ్లు వందకు పదిమంది చిల్లర. ఇంట్లో వేరేవాళ్ల పొగ పీలుస్తున్నామని చెప్పినవాళ్లు దాదాపు 39 మంది. టికెట్టు పదిమందికి, ప్రయాణం నలభైమందికి. మొత్తంగా పొగాకు మన దేశంలో ఏటా 13 లక్షలకు పైగా ప్రాణాలు తీస్తోందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఆ సంఖ్య నా బుర్రకు ఎక్కదు. నాకు ఎక్కేది నాతోపాటు డ్యూటీ చేసిన డ్రైవరన్న. ఘాట్‌లో స్టీరింగు పట్టుకుంటే బస్సు కొంగలాగా పోయేది. రిటైరైన మూడో ఏడు బస్టాండు మెట్లు నాలుగు ఎక్కి, రెయిలింగు పట్టుకొని నిలబడిపోయేవాడు. "ఫస్ట్ గేరు కూడా పడడంలేదప్పా" అని నవ్వేవాడు. నవ్వితే దగ్గొచ్చేది.

ఇప్పుడు మా పెద్దోడి కూతురికి ఏడేళ్లు. దానికీ ఉబ్బసం. స్కూలు బ్యాగులో ఇన్హేలరు, దానికి తగిలించే ప్లాస్టిక్ గొట్టం ఉంటాయి. దానికి మీ దగ్గర బన్ను ముంచుకొని తినడం ఇష్టం. రేకుల కింద ఇద్దరు సిగరెట్టువాళ్లు నిలబడితే చాలు, నా చొక్కా లాగుతుంది. ఆ గుంజుడు తెలుసు నాకు. ముప్ఫై ఏళ్ల కింద ఒక డాక్టరమ్మ అదే చొక్కా లాగింది.

'బయలు ప్రదేశం కదా సారూ, పొగ గాలికి పోతుంది' అని మీలో ఒకాయన అన్నాడు. నిజమే, నాలుగు గోడల మధ్య కంటే నయం, సిగరెట్టు ఆరిపోగానే పొగా పోతుంది. కానీ ఆరేదాకా రెండు మూడడుగుల దూరంలో ఉన్నవాడికి ఆ నయం ఏమంత దక్కదు. పైగా మీరు ఎండకు రేకు దించారు, వానకు మూడువైపులా పట్టా కట్టారు. అది బయలు ఎట్లా అవుతుంది? డిసెంబరు రాత్రి షట్టర్లు దించిన నా బస్సే అది.

చట్టం మాట. పోలీసుల పేరు చెప్పి మిమ్మల్ని భయపెట్టడం నాకిష్టం లేదు, మీకు వాళ్లతో ఉన్న బాధలు చాలు. ఒక్క నియమం మాత్రం మీలో చాలామందికి తెలియదని చెబుతున్నా. జనం మసిలే చోట తాగినవాడికి 200 రూపాయల దాకా జరిమానా అని అందరికీ తెలుసు. అదే 2008 నియమాల్లో ఆ చోటి యజమాని యాష్‌ట్రే, అగ్గిపెట్టె, లైటరు లాంటివి అందుబాటులో పెట్టకూడదని కూడా ఉంది. ఫిర్యాదు వచ్చినా పట్టించుకోకపోతే ఎంతమంది తాగారో అన్ని జరిమానాలు యజమాని మీదికి వస్తాయి. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లకు అమ్మకూడదు, బడికీ కాలేజీకీ వంద గజాల లోపల అమ్మకూడదు. మన పక్కనున్న కర్ణాటక 2025లో జరిమానా వెయ్యి రూపాయలకు, వయసు 21 ఏళ్లకు పెంచింది. బెంగుళూరు బస్సు దిగేవాళ్లను అడగండి, చెబుతారు.

విడి సిగరెట్ల గురించి ఒక మాట. ప్యాకెట్టు మీద 85 శాతం జాగాలో ఆ భయంకరమైన బొమ్మ వేయాలని 2016 ఏప్రిల్ నుంచి నియమం. ఎన్నో ఏళ్లు కొట్లాడితే వచ్చిన బొమ్మ అది. మీ డబ్బాలోంచి ఒక్కటి తీసుకున్న కాలేజీ పిల్లోడికి ఆ బొమ్మ కనిపించనే కనిపించదు. మొత్తం ప్యాకెట్టు కొనాలంటే వాడి జేబు ఒప్పుకోదు, సగంమంది వెనక్కి తగ్గుతారు. విడిగా దొరికితే టీతోపాటు అదీ అయిపోతుంది. మహారాష్ట్ర 2020లోనే విడి అమ్మకాన్ని ఆపింది.

వ్యాపారం దెబ్బతింటుందన్న భయం నాకు అర్థమవుతుంది. ఒక్కో సిగరెట్టు మీద మీకు మిగిలేది పైసల్లోనే, కానీ సిగరెట్టువాడే టీ చెబుతాడు, టీ మీద మిగులుతుంది. సరే. అమ్మడం మొత్తం ఆపేయమని నేను ఈ రోజు అడగడంలేదు. ఆపితే సంతోషం. అమ్మేవాళ్లు ప్యాకెట్టుగా అమ్మండి, రేకు కింద తాగొద్దు, అవతలికి పొమ్మని చెప్పండి. 'ఇక్కడ వద్దన్నా, పిల్లలున్నారు' అంటే చాలు. నేను ముప్ఫై ఏళ్లు జనంతో మాట్లాడి బతికినవాణ్ని, ఆ మాటకు ఎదురుతిరిగే మొగాడు చాలా అరుదు. తాగేవాళ్లతో ఖాళీ అయిన బెంచీ మీదికి ఎవరు వస్తారో చూడండి. బస్టాండులో ఆడవాళ్లు పిల్లల్ని చంకనేసుకొని నిలబడే ఉంటారు. మీ బంకు దాకా ఎందుకు రారో ఎప్పుడైనా అడిగారా? నేను అడిగాను. మా ఆవిడనే అడిగాను. "ఆ కంపులో ఎవరు నిలబడతారు" అనింది.

గ్లాసులు కడిగే పిల్లోళ్లను 'పోయి ఒక ప్యాకెట్టు తెచ్చిపెట్టురా' అని పంపడం మాత్రం వెంటనే ఆపండి. దీనికి నేను వివరణ రాయను.

మీలో మానాలనుకునేవాళ్లు ఉంటే 1800-11-2356కు ఫోన్ చేయండి. కేంద్ర ప్రభుత్వానిది, డబ్బులు పడవు. నేను మానేటప్పుడు అట్లాంటివేం లేవు. సోంపు, లవంగాలు నమిలి, ఇంట్లోవాళ్లమీద అరిచి, మూడుసార్లు ఓడిపోయి నాలుగోసారి గట్టెక్కాను. మూడుసార్లు ఓడినందుకు ఇప్పుడు సిగ్గేం లేదు. చాలామందికి అన్నిసార్లు పడుతుందట.

రేపు పొద్దున మామూలుగానే వస్తా, చిన్నదాన్ని వెంటబెట్టుకొని. మా బాకీ నలభై రూపాయలు ఉంది, అదీ తీర్చేస్తా. లైటరు తీసేస్తే తాడు మాత్రం పారేయకండి. దానికి బన్ను ప్యాకెట్లు కట్టండి, చిన్నదానికి అందే ఎత్తులో.

ఇట్లు,
చక్కెర తక్కువ కండక్టరు